పాత లారీ: మొత్తం విప్పేయాలా, నడుపుకుంటూ బాగు చేసుకోవాలా? ఏది మేలు?

మా బెంజి లారీని చూసినవాళ్లలో సగం మంది చివరికి ఇదే అడుగుతున్నారు. "మాకూ ఒకటి దొరికేలా ఉంది. ఉద్యోగం చేసుకుంటూ బాగు చేయాలి. మొత్తం విప్పేసి మొదలెట్టమంటారా, ఒక్కోటీ చేసుకుంటూ పొమ్మంటారా?" ఒకే బండి మీద నేను రెండు పద్ధతులూ చూశాను కాబట్టి ఒకసారి వివరంగా రాస్తున్నాను.

బండి 1967 టాటా మెర్సిడెస్ బెంజ్, ముందుకు బానెట్ ఉన్న మోడల్. 1954లో టెల్కోకీ (తర్వాత టాటా మోటార్స్ అయిన కంపెనీ), జర్మనీ డైమ్లర్-బెంజ్‌కీ కుదిరిన ఒప్పందం 1969 వరకు నడిచింది. ఆ కాలం బండ్లకు ముందు జాలీ మీద మూడు కోణాల నక్షత్రం ఉండేది. తెనాలి దగ్గర ఒక రైస్ మిల్లు వెనక షెడ్డులో, గోనెసంచుల పక్కన ఆ నక్షత్రం కనబడింది. బేరమాడకుండా కొనేశాను. పదేళ్లకు పైగా స్టార్ట్ చేయని బండి. గుంటూరు నుంచి పాతిక కిలోమీటర్లలో ఉన్న మా ఊరి కల్లంలోకి దాన్ని లాగించాను. బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. నాకు దొరికేది ఆదివారం పొద్దున నాలుగు గంటలు, అదీ అన్ని ఆదివారాలూ కాదు.

మొదట మొత్తం విప్పే పద్ధతే పట్టుకున్నాను. నిజానికి దానికున్న బలాలు చాలా ఉన్నాయి. క్యాబిన్, తొట్టి దించేస్తే ఛాసిస్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కళ్లముందు ఉంటుంది. కమాన్ కట్టల (బరువు మోసే పట్టీ స్ప్రింగుల) బ్రాకెట్ల వెనక, అడ్డపట్టీల లోపలి వైపు దాక్కున్న తుప్పు అలా విప్పితే తప్ప కనబడదు. ఇసుకతో కొట్టించి, ప్రైమర్ వేసి, వైరింగ్ కొత్తగా లాగితే మళ్లీ చాలా ఏళ్ల దాకా దాని జోలికి వెళ్లక్కర్లేదు. ఎక్కడా అతుకు కనబడకుండా రంగు కుదిరేది కూడా ఈ దారిలోనే.

కానీ క్యాబిన్ దించిన నాలుగో వారంలో నాన్నగారు ఆసుపత్రిలో పడ్డారు. తర్వాత నాకు బదిలీ. పద్నాలుగు నెలలు లారీ మొహం చూడలేదు. తిరిగి వెళ్లేసరికి నూనె డబ్బాలో వేసి ఉంచిన బోల్టులు వాననీళ్లకు ఒకే ముద్ద అయిపోయాయి. ఇసుకతో కొట్టించి వదిలేసిన ఇనుము మళ్లీ ఎర్రబడింది. అన్నిటికన్నా బాధపెట్టింది ఇంకోటి. క్యాబిన్ కింద ఏ మూలన రబ్బరు మందంగా ఉండేదో, ఏ మూలన రెండు వాషర్లు వేసి ఉండేవో గుర్తు లేదు. విప్పిన కుర్రాడు గల్ఫ్ వెళ్లిపోయాడు. ఫొటోలు తీశాను గానీ అన్నీ దూరం నుంచి తీసినవే.

అందుకే డబ్బు, పనితనం తర్వాత చూసుకోవచ్చు, ముందు తేల్చుకోవాల్సింది మీకు టైమ్ ఏ ముక్కల్లో దొరుకుతుందనేది. రెండు నెలలు వరసగా సెలవు పెట్టగలిగి, తాళం వేసుకునే షెడ్డు ఉన్నవాళ్లు విప్పండి. వారానికి నాలుగు గంటలు దొరికే మనిషి విప్పితే, అందులో మొదటి గంట పోయిన వారం ఎక్కడ ఆపామో గుర్తు చేసుకోవడానికే సరిపోతుంది. మధ్యలో నెల రోజులు తెగితే మళ్లీ మొదటికి వస్తాం.

ఆటోనగర్ నుంచి తీసుకొచ్చిన పెద్ద మేస్త్రి బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి, "ముందు క్యాబిన్ ఎక్కించేద్దాం బాబూ. స్టార్ట్ చేద్దాం. రంగుదేముంది, ఎప్పుడైనా వేసుకోవచ్చు" అన్నారు. అక్కణ్నుంచి రెండో పద్ధతి.

ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి ఒక్కో సిలిండర్‌లో కాస్త ఇంజనాయిల్ పోసి, రెండు రోజులు నాననిచ్చి, ముందు చేత్తో తిప్పి చూశాం. ఎక్కడా పట్టెయ్యలేదు. పాత ట్యాంకుని నమ్మకుండా ఐదు లీటర్ల క్యాను పైన కట్టి అందులోంచి డీజిల్ ఇచ్చాం. ఫిల్టర్లు, గొట్టాలు కొత్తవి. పంపు దగ్గర స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ ధార కట్టేదాకా గాలి తీశాం. సెల్ఫ్ మూడోసారి కొట్టగానే తెల్లపొగతో లేచింది. కల్లం గట్టున కూర్చున్న మా అమ్మ లేచి నిలబడింది. ఆ రోజు తర్వాత ఇంట్లో ఎవరూ "ఆ ఇనుము అమ్మేయ్" అనలేదు. నడిచే బండికి ఇంటి మద్దతు దొరుకుతుంది, ఏళ్ల తరబడి సాగే పనికి అది చాలా అవసరం.

ఈ పద్ధతిలో ఒకటే నియమం పెట్టుకున్నాను. పొద్దున విప్పింది మధ్యాహ్నానికి బిగించాలి. ఒక ఆదివారం ఒక చక్రం బ్రేకు సిలిండర్, ఇంకో ఆదివారం ఒక కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన పిన్). అంతకన్నా పెద్ద పనైతే సెలవు చూసుకుని పెట్టుకోవాలి. వరస మాత్రం తప్పొద్దు: బ్రేకులు, స్టీరింగ్, టైర్లు, వైరింగ్, ఆ తర్వాతే రేకు పని. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఏళ్లుగా నిలిచిన బండిలో బ్రేకు సిలిండర్లను లోపల తుప్పు తినేసి ఉంటుంది. టైర్లు గీతలు బాగున్నాయని మోసపోవద్దు, పక్కల పగుళ్లు చూడండి. 9.00-20 సైజు చక్రాలకు టైరు ఊడకుండా పట్టి ఉంచే లాక్ రింగు సరిగ్గా కూర్చోకుండా గాలి కొడితే ఎగిరి మనిషిని చంపేస్తుంది. ఆ పని ఇంటి దగ్గర వద్దు, ఇనుప పంజరం ఉన్న షాపులోనే చేయించండి.

దీని లోటు కూడా చెప్పాలి. పని ఎప్పటికీ అయిపోయినట్టు ఉండదు. కొత్త ప్రైమర్ పక్కన పాత తుప్పు, ఒక తలుపు ఒక రంగు, ఇంకో తలుపు ఇంకో రంగు. కొన్ని చోట్ల ఒకే భాగాన్ని రెండుసార్లు విప్పాల్సి వచ్చింది. ఖర్చు కూడా కలిపి చూస్తే తక్కువేం కాదు, కాకపోతే విడతలుగా పోతుంది. ఛాసిస్ దెబ్బతిన్నదైతే ఈ దారి అసలు పనికిరాదు. వెనక కమాన్ల దగ్గర చిన్న సుత్తితో కొట్టి చూడండి, ఖంగుమనాలి. చచ్చు శబ్దం వచ్చినా, రివిట్ చుట్టూ సన్నని పగులు కనబడినా విప్పక తప్పదు.

కొనేముందు ఇంజను నంబరు ప్లేటు కూడా చూడండి. టాటాల్లో 692 అంటే ఆరు సిలిండర్లు, బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 92 మిల్లీమీటర్లు. 697 అంటే 97. ఇన్నేళ్లలో ఇంజను మారిపోయి ఉండొచ్చు, లైనర్లు, పిస్టన్లు దాన్ని బట్టే కొనాలి. ఆర్.సి. కూడా అప్పుడే చూసుకోండి. 2021లో వచ్చిన కేంద్ర వింటేజ్ నిబంధనలు యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరగని సొంత వాడకం బండ్ల కోసం. సరుకు తోలే లారీకి అవి వర్తిస్తాయని లెక్కేసుకోవద్దు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాల్సిందే.

పనంతా రిపేరు షెడ్డుకి కాంట్రాక్ట్ ఇచ్చేయడం మూడో దారి. డబ్బుండి టైమ్ లేనివాళ్లకు మంచిదే. వారానికోసారి వెళ్లి చూడకపోతే మాత్రం మీ బండి మూలకు పోతుంది. బాగు చేసిన బండి కొనుక్కోవడం ఇంకోటి. నడపడమే ముఖ్యమైతే అదీ సరే.

మా లారీ ఇప్పుడు కల్లం నుంచి కాలువ కట్ట దాకా వెళ్లి వస్తోంది. ఎడమ వెనక డ్రమ్ములో ఇంకా కీచుమంటోంది. ఈ ఆదివారం దాన్ని విప్పుతున్నాను. మధ్యాహ్నం భోజనానికి ముందే బిగించేయాలి.