జర్నల్ క్లబ్: ఒకే పత్రమా, ఒకే ప్రశ్నా?

వైద్యులు కలిసి పరిశోధన పత్రాలను చదివి చర్చించే జర్నల్ క్లబ్‌లో ఒక పత్రాన్ని ఆసాంతం విమర్శించాలా, చికిత్సలో తలెత్తిన ఒక ప్రశ్న కోసం రెండు మూడు పత్రాలను పోల్చాలా అన్నది నిర్వాహకులకు తరచూ ఎదురయ్యే సందేహం.

శ్రమ: మొదటి పద్ధతిలో అందరూ ఒకే పత్రం చదివితే చాలు, రెండవదానిలో వెతుకులాట భారమంతా సమర్పించేవారిపై పడుతుంది.

లోతు: రోగులను చికిత్సా వర్గాలకు పంచే యాదృచ్ఛిక కేటాయింపును ముందే ఊహించే వీలు లేకుండా దాచారా, మధ్యలో మానుకున్నవారిని మొదట కేటాయించిన వర్గంలోనే లెక్కించారా, విశ్వాస అంతరం (అసలు ఫలితం ఉండగల పరిధి) ఎంత విశాలంగా ఉంది అన్నవి ఒకే పత్రం ముందున్నప్పుడే నింపాదిగా తేలుతాయి. పి-విలువ (నిజానికి తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకన్నా పెద్ద తేడా కనిపించే సంభావ్యత) 0.05 కన్నా తక్కువని చూసి తృప్తిపడే అలవాటును (అది అనుభవజ్ఞులలోనూ ఉంది) వదిలించేది ఈ చర్చే.

ప్రమాదం: మొదటిదానిలో ఒక్క ఫలితాన్నే ప్రమాణంగా తీసుకునే తొందర, రెండవదానిలో సారాంశాలతో సరిపెట్టుకోవడం.

విమర్శనాత్మక పఠనం కొత్తగా నేర్చుకునే పీజీ విద్యార్థులకు మొదటిదే మేలు. చికిత్సా విధానాన్ని మార్చాలా వద్దా అని తేల్చుకోవలసిన విభాగానికి రెండవది తప్పదు.