కొత్త కారా, పాత కారా, స్కూటరా? ఇంట్లో ఏది అడిగితే మేలు

ఇంటర్ అయిపోయి భీమవరంలోనో, అమలాపురంలోనో ఇంజనీరింగులో చేరగానే డెల్టా ఇళ్లలో కారు పంచాయితీ మొదలవుతుంది. అడిగేవాళ్లు మోడలూ రంగూ చెబుతారు. నాన్నగారు వినేది మాత్రం మూడే ముక్కలు: ఎంత పడుతుంది, ఎవరి పేరున, ఏదైనా జరిగితే ఎవరి మెడకు చుట్టుకుంటుంది. ఆ మూడింటి మీదే బేరీజు వేద్దాం.

18 నిండకపోతే అసలు ఈ చర్చే వద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ‘మన కాలవగట్టు మీదే కదా’ అనుకుంటారు గానీ, గట్టు రోడ్డూ రోడ్డే. 18 నిండగానే ఎల్ఎల్ఆర్‌కి (నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు) స్లాటు పెట్టుకోండి. అది ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక పక్కా లైసెన్సు కోసం బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు పరీక్షకు వెళ్లొచ్చు. లైసెన్సు చేతిలో పెట్టుకుని అడిగినవాడి మాటకు బరువుంటుంది.

ఇక మొదటిది, లోను మీద కొత్త కారు. ఐదు లక్షల అప్పు, ఏడేళ్లు, 9 శాతం వడ్డీ అనుకుంటే వాయిదా నెలకు 8,045 రూపాయల దగ్గర తేలుతుంది. 84 నెలల్లో కట్టేది 6.76 లక్షలు, అంటే వడ్డీకే లక్షా డెబ్బై అయిదు వేల పైన. డౌన్ పేమెంటు, లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు వేరే. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగిన మాట నిజమే. అయినా వాయిదా నెలనెలా వస్తుంది, వ్యవసాయం మీద బతికే ఇంటికి డబ్బు నెలనెలా రాదు. సార్వా (మొదటి వరి పంట) డబ్బు సంక్రాంతి దరిదాపుల్లో, దాళ్వా (రెండో పంట) డబ్బు వేసవిలో, చెరువులున్నవాళ్లకు పట్టుబడి రోజున. రొయ్య రేటు పడిపోయిన నెలలో బ్యాంకువాళ్లు ఆగరు. ఇంట్లో నెలజీతం ఉంటే సరే, లేకపోతే మీ చదువు పూర్తయ్యేలోపు ఈ లోను మీదే రోజూ గొడవ. పైగా కొత్తగా నేర్చినవాళ్ల మొదటి ఏడాది గీతలు, సొట్టలు ఎలాగూ పడతాయి. ఒకే బండి పట్టే గట్టు మీద ఎదురుగా ధాన్యం ట్రాక్టరు వస్తే ఎటు తప్పుకోవాలో అలవాటయ్యేదాకా అద్దాలు పోతూనే ఉంటాయి. ఆ సొట్టలు పాత కారుకు పడితేనే అందరికీ నిద్ర పడుతుంది.

రెండోది, రొక్కానికి పాత కారు. మా ఓటు దీనికే, కాని షరతులున్నాయి. ఏడెనిమిదేళ్ల చిన్న పెట్రోలు కారు చూడండి, ఎక్కడైనా స్పేర్లు దొరికే మోడలు. బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిలు వద్దు. దాని సైలెన్సరు దారిలో పొగ మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, అది కాలి శుభ్రం కావాలంటే బండి ఆగకుండా కాసేపు వేగంగా పరిగెత్తాలి. పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్లి రావడం లాంటి చిన్న దూరాలకు అది మూసుకుపోతుంది.

డెల్టాలో పాత కారు చూసేటప్పుడు కిలోమీటర్ల కంటే ముందు నీళ్లు చూడాలి. వరదో, తుపానో వచ్చినప్పుడు మునిగిన బండిని ఎండబెట్టి, కడిగి, మంచి సెంటు కొట్టి అమ్మేస్తారు. కనిపెట్టడం కష్టమేం కాదు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి: పైభాగం కడిగి ఉంటారు, లోపల చుట్టుకుని ఉండే ఆఖరి మూరలో ఒండ్రు మరక గీతలా మిగిలిపోతుంది. ముందు సీట్ల కింద పట్టాల బోల్టులు తుప్పు పట్టాయా, స్టెపినీ గుంటలో మెత్తటి మట్టి ఉందా, హెడ్‌లైటు లోపల నీటి చార ఉందా చూడండి. మునిగిన బండి వైరింగు ఆర్నెల్ల తర్వాత మొరాయిస్తుంది. అప్పటికి అమ్మినవాడు ఫోను ఎత్తడు. సముద్రం పక్క ఊళ్ల బండి అయితే అడుగుభాగం రేకును స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూడండి, ఉప్పుగాలికి తినేసిన చోట శబ్దం మారుతుంది.

స్టార్టు చేయకముందు బానెటు మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరు రాకముందే తిప్పి ఉంచారన్నమాట, మళ్లీ చల్లారాక రండి. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతోంది. ఆయిలు మూత కింద మీగడలాంటిది కనిపిస్తే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయేమో మెకానిక్కు తేల్చేదాకా బేరం ఆపండి. టైరు మీద నాలుగంకెలు చదవండి: 2319 ఉంటే 2019లో 23వ వారం తయారైంది. అరుగుదల లేకపోయినా ఐదారేళ్లు దాటిన టైర్ల ఖర్చు బేరంలో తగ్గించుకోవాలి.

కాగితాల్లో ఒక కిటుకుంది. అమ్మేవారి ఇన్సూరెన్సు పాలసీలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 50 శాతం ఉంటే, వరసగా ఐదేళ్లు క్లెయిము లేదని అర్థం. సున్నా ఉంటే ఎందుకని అడగండి. ఆ బోనసు మాత్రం అమ్మినవారితోనే పోతుంది, కొన్నవారికి రాదు. ఆర్‌సీలో ఫైనాన్సు ఎక్కి ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్‌సీలోంచి ఫైనాన్సు తీయించే ఫారం 35 చేతికొచ్చాకే డబ్బు ఇవ్వాలి. పేరు మార్పుకు ఫారం 29, 30. అమ్మకం కాగితం మీద సంతకాలు పెట్టుకుని ఊరుకుంటే చాలదు. ఆర్‌సీలో ఎవరి పేరుందో ప్రమాదం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. 14 రోజుల్లోపే ఇన్సూరెన్సు కూడా మార్పించుకోవాలి. యానాం బండి చౌకగా వస్తోందని పీవై-04 (పుదుచ్చేరి కింద యానాం నంబరు) బోర్డు బండి కొనేవాళ్లూ ఉన్నారు. ఏడాది మించి ఆంధ్రాలో ఉంచితే ఇక్కడ మళ్లీ రిజిస్టరు చేయించి పన్ను కట్టాలి, ఆ లెక్క వేసుకుంటే చౌక పోయినట్టే.

బండి నాన్నగారి పేరున ఉంటే మరో సంగతి. తప్పనిసరి 15 లక్షల ప్రమాద బీమా యజమాని లైసెన్సుతో నడిపినప్పుడే పనికొస్తుంది, నడిపేది మీరైతే మీకు వర్తించదు. మీకోసం వేరే ప్రమాద పాలసీ తీసుకోవాలి. దీనికి తోడు ఇంజను ప్రొటెక్టు కవరు కట్టండి. నీళ్లలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్టు చేస్తే లోపలికి పోయిన నీటికి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, ఆ నష్టాన్ని మామూలు పాలసీ సాధారణంగా ఇవ్వదు. కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన గడ్డి మీదుగా పోనివ్వకండి. అడుగున చుట్టుకుని సైలెన్సరు వేడికి అంటుకుంటుంది.

స్కూటరు సంగతి తేలిగ్గానే తేలుతుంది. రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు, లీటరు 110 రూపాయలు అనుకుంటే, లీటరుకు 15 ఇచ్చే కారుకు 5,500 రూపాయల పెట్రోలు. 45 ఇచ్చే స్కూటరుకు 1,833. ఒక్కరే కాలేజీకి వెళ్లి రావడానికి కారు అడిగితే ఇంట్లో కాదనడమే న్యాయం. వానాకాలంలో తడుస్తామన్నది నిజమే గానీ, మూడు రెట్ల ఖర్చుకు ఆ వాదన నిలవదు.

అందుకే కారును మీకోసం అడగకండి, ఇంటి కోసం అడగండి. ఏడాదిలో కిరాయి కార్లకు అయిన ఖర్చు అమ్మను అడిగి రాసుకోండి: ఆసుపత్రికి, పెళ్లిళ్లకు, అన్నవరం, ద్వారకా తిరుమల ప్రయాణాలకు. ఆ కాగితం ముందు పెట్టి, “నాన్నగారూ, కాలేజీకి స్కూటరు మీదే వెళ్తాను. ఈ కిరాయి డబ్బులకి ఇంకొంత కలిపితే ఇంటికో పాత కారు వస్తుందండి, తోలడం నా వంతు. ఏటా ఇన్సూరెన్సు నా స్కాలర్‌షిప్పులోంచి కడతాను” అనండి. 2022లో ఖరారైన రేట్ల ప్రకారం, వెయ్యి సీసీ లోపు కారుకు ఏడాది థర్డ్ పార్టీ (ఎదుటివారి నష్టానికి కట్టే బీమా) ప్రీమియం మూల రేటు 2,094 రూపాయలు, 1,500 సీసీ దాకా 3,416. జీఎస్టీ వర్తిస్తే అదనం, సొంత నష్టం కవరు వేరే. ఆషాఢంలో మాత్రం అడగకండి. షోరూములు తగ్గింపులిస్తాయి గానీ, ఇంట్లో నాయనమ్మ ఒప్పుకోదు.