చిత్తడి నేల మట్టికి సూక్ష్మజీవుల డీఎన్‌ఏ పరీక్ష చేయించిన తరువాత

కిక్కిస గడ్డి ఆక్రమించిన ఒక చిత్తడి నేలలో తిరిగి స్థానిక తుంగను పెంచే పనిలో ఉన్నాను. గడ్డిని కోసి, దుంపలు తవ్వి తీసేసిన చోట నాటిన తుంగ నారు రెండుసార్లూ వేరు పట్టకుండానే పోయింది. నీటి లోతు, ఎండ, పోషకాలు అన్నీ సరిచూసుకున్నాక మట్టిలోని సూక్ష్మజీవుల మీద అనుమానం కలిగి, డీఎన్‌ఏ ఆధారంగా మట్టిని పరీక్షించే ఒక ప్రయోగశాల సేవను తీసుకున్నాను.

నమూనాలకు పంపిన గొట్టాలు శుభ్రంగా ఉన్నాయి, మంచులో భద్రపరచడం గురించిన సూచనలూ స్పష్టంగా ఉన్నాయి. అయితే పైపొర మట్టిని కలిపి ఒకే గొట్టంలో నింపమనడం చిత్తడి నేలకు తగిన పద్ధతి కాదు. కిక్కిస తన కాండంలోని గాలి గదుల గుండా ఆక్సిజన్‌ను వేళ్లకు చేరవేస్తుంది. అందులో కొంత బయటి మట్టిలోకి ఊరుతుంది. నేను పీకిన వేరు చుట్టూ కుళ్లిన గుడ్ల వాసన వేసే నల్లటి బురద ఉంటే, వేరును అంటుకుని మాత్రం తుప్పు రంగు పొర సన్నగా కనిపించింది. ఆక్సిజన్ అందే ఆ పలుచని మేరలో అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా బతకగలుగుతుంది; కాస్త అవతలి బురదలో సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మార్చేవి, మీథేన్ పుట్టించేవి ఉంటాయి. రెండింటినీ కలిపేస్తే మొక్క తన చుట్టూ ఏ లోకాన్ని కట్టుకుందో తెలిసే దారే ఉండదు. అందుకే వేరు మట్టిని విడిగా దులిపి, వేరే గొట్టంలో పంపాను.

నివేదికలో ఏ జీవో గుర్తుపట్టడానికి వాడే డీఎన్‌ఏ భాగాలను చదివారు: బ్యాక్టీరియాకు 16ఎస్ జన్యువు, శిలీంధ్రాలకు ఐటీఎస్ భాగం. బ్యాక్టీరియా భాగం చక్కగా ఉంది, వేరు మట్టికీ దూరపు మట్టికీ ఉన్న తేడా చూడగానే అర్థమైంది. కానీ ఇవి నిష్పత్తులే తప్ప అసలు సంఖ్యలు కావు, చనిపోయిన కణాల డీఎన్‌ఏ కూడా లెక్కలోకి వస్తుంది అన్న మాట నివేదికలో ఎక్కడా లేదు.

నన్ను నిజంగా బాధించిన లోపం మరొకటి. కిక్కిస వేళ్ల దగ్గర పిథియం వంటి ఊమైసీట్లు ఉంటాయని పరిశోధకులు గుర్తించారు. లేత నారును మొదలంటా కుళ్లబెట్టే జీవులు వీటిలో ఉన్నాయి. చూడటానికి శిలీంధ్రాల్లా ఉన్నా ఇవి వేరే వంశానికి చెందినవి కాబట్టి, శిలీంధ్రాల కోసం చేసే మామూలు పరీక్ష వీటిని చాలావరకు వదిలేస్తుంది. నా ప్రశ్నకు కీలకమైన వర్గం అదే. అడిగితే, దానికి ప్రత్యేక పరీక్ష కావాలని దాపరికం లేకుండా చెప్పారు. ఆ మాట ఆర్డరు పత్రంలోనే ఉండవలసింది.

చివరి పేజీలో మైకోరైజా, అంటే మొక్కల వేళ్లతో జతకట్టి మేలు చేసే శిలీంధ్రాల పొడి కలపమని సలహా ఇచ్చారు. నీరు నిలిచి ఆక్సిజన్ తగ్గిన మట్టిలో ఆ శిలీంధ్రాలు వేళ్లలో సాధారణంగా తక్కువగానే నిలుస్తాయి కనుక నేను ఆ సలహా పాటించలేదు. 2002లో జాన్ క్లిరోనొమోస్ అనే పరిశోధకుడు ప్రచురించిన పచ్చికబయళ్ల ప్రయోగాల్లో, అరుదైన మొక్కలు తమ వేళ్ల దగ్గర హానికర జీవులను త్వరగా పోగుచేసుకుని ఆ మట్టిలోనే కుంగిపోయాయి, ఆక్రమణ మొక్కలకు ఆ బెడద అంతగా కలగలేదు. మంచి జీవిని తెచ్చి కలిపే ముందు చెడ్డ జీవి ఉందో లేదో చూడాలన్నది నా అభిప్రాయం.

అది తేల్చుకోవడానికి ఇంట్లోనే కుండీలు పెట్టాను. జీవులను చంపడానికి ఆవిరి పట్టించిన మట్టిలో పోషకాలు కూడా ఎక్కువగా విడుదలవుతాయి. ఆ తేడా ఫలితాన్ని తారుమారు చేయకుండా అన్ని కుండీల్లోనూ ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించిన ఒకే మట్టిని నింపి, కొన్నింటిలో కిక్కిస కింది పచ్చి మట్టిని గుప్పెడు, మిగతావాటిలో అదే మట్టిని ఉడికించి గుప్పెడు కలిపాను. పచ్చి మట్టి కలిపిన కుండీల్లో తుంగ నారు వేళ్లు గోధుమరంగుకు తిరిగి మెత్తబడ్డాయి, ఉడికించినది కలిపిన చోట తెల్లగా సాగాయి. కిక్కిస మొలకలు రెండింటిలోనూ ఒకేలా పెరిగాయి. హాని చేసేది ఏ జీవో కుండీ చెప్పలేదు కానీ, హాని ఆ మట్టిలో బతికే ఉందని చెప్పింది.

ఏ జీవులున్నాయో తెలుసుకోవాలనుకునేవారికి ఈ సేవను సిఫారసు చేస్తాను, అయితే వేరు మట్టిని విడిగా పంపాలి, ఊమైసీట్ల పరీక్షను ముందే అడిగి చేర్చుకోవాలి. నాటిన నారు ఎందుకు చస్తోందన్నదే ప్రశ్నైతే ముందుగా కుండీలు పెట్టండి. నేను ఇప్పుడు ఊమైసీట్ల పరీక్షకు రెండో విడత నమూనాలు పంపాను. ఈసారి లేత నారుకు బదులు ముదిరిన తుంగ దుబ్బులు నాటుతున్నాను.