‘అపోకలిప్టో’ సమీక్ష: పరుగు బ్రహ్మాండం, కాలమే కలగాపులగం

2006 డిసెంబరులో వచ్చిన మెల్ గిబ్సన్ ‘అపోకలిప్టో’ని ఛేజ్ సినిమాగా చూస్తే ఇప్పటికీ దానికి సాటి వచ్చేవి తక్కువ. మాయా నాగరికత గురించి తెలుసుకుందామని కూర్చుంటేనే పేచీ. ఇందులో గాల్లోంచి పుట్టించినవి పెద్దగా లేవు. తెర మీద కనిపించే చాలా వస్తువులు ఎక్కడో ఒకచోట, ఏదో ఒక శతాబ్దంలో ఉన్నవే. ఆ 1500 ఏళ్ల సరుకునంతా ఒకే ఊళ్లో, ఒకే పూటలో కుమ్మరించడంతోనే వచ్చింది చిక్కు. ఇంకా పెద్ద చిక్కు ఏమిటంటే, చేసిన మార్పుల్లో ముఖ్యమైనవన్నీ ఒకే వైపు మొగ్గుతాయి.

కథ చిన్నదే. అడవిలో వేటాడుకుని బతికే పల్లె మీద తెల్లవారుజామున నగరం మూక పడుతుంది. హీరో జాగ్వార్ పా కడుపుతో ఉన్న భార్యను, పిల్లవాణ్ణి ఒక లోతైన గోతిలో దాచి తాను పట్టుబడతాడు. బలిపీఠం దాకా వెళ్లి, సూర్యగ్రహణం పుణ్యమా అని బతికి బయటపడి, వెనక తరుముతున్నవాళ్లను ఒక్కొక్కరినే మట్టుబెడుతూ ఇంటిదారి పడతాడు. స్క్రీన్‌ప్లేలో వృథా తక్కువ. మొదటి సీన్‌లో టేపిర్ అనే అడవి జంతువును చంపిన ముళ్ల ఉచ్చే చివర్లో అసలు విలన్‌ను తీసుకుంటుంది. గోతిలోకి వాన నీళ్లు చేరుతుంటే అదే కథకు గడియారం అవుతుంది. కెమెరామన్ డీన్ సెమ్లర్ డిజిటల్ కెమెరాతో చెట్ల మధ్య మనిషి వేగానికి సమానంగా పరుగెత్తించిన షాట్లు రెండోసారి చూసినా కుర్చీ అంచుకు లాక్కొస్తాయి. కథనం వరకు నూటికి ఎనభై అయిదు మార్కులు వేయొచ్చు.

ఇక చరిత్ర. సినిమా తన తేదీని తానే చెప్పేసుకుంది. క్లైమాక్స్‌లో ఒడ్డుకు స్పానిష్ ఓడలు వస్తాయి. 1502లో కొలంబస్ నాలుగో యాత్రలో హోండురాస్ దగ్గరి దీవుల వద్ద మాయా వర్తకుల పడవ ఎదురైంది. 1511లో ఓడ బద్దలై కొందరు స్పెయిన్‌వాళ్లు మెక్సికోలోని యుకాటాన్ ద్వీపకల్పం ఒడ్డుకు కొట్టుకొచ్చారు. 1517లో కోర్దొబా, 1519లో కోర్తెస్ అనే స్పానిష్ నాయకులు వచ్చారు. అంటే కథాకాలం ఈ పదిహేడేళ్ల లోపలే ఉండాలి. అప్పటికి గ్వాటెమాలాలోని టికాల్ లాంటి మాయా మహానగరాలు ఖాళీ అయి ఆరు వందల ఏళ్లు దాటింది. ఉత్తరాన చివరి పెద్ద రాజధాని మాయాపాన్ కూడా 15వ శతాబ్దం మధ్యలోనే పడిపోయింది. మిగిలినవి చిన్న చిన్న సంస్థానాలు, తులుమ్ లాంటి తీరపు వర్తక పట్టణాలు. వాటి గుళ్లు పొట్టివి. సినిమాలో కనిపించే ఆకాశాన్నంటే పిరమిడ్ లాంటిది ఆ కాలంలో మాయా సీమలో ఎక్కడా కట్టలేదు.

ఆ నగరాన్ని ముక్కలుగా విడదీసి చూస్తే సంగతి తేలుతుంది. నిటారుగా లేచే గుళ్ల ఆకారం 8వ శతాబ్దపు టికాల్‌ది. వాటి ముఖం మీది రాతి అల్లికలు ఉష్మల్ వైపు, అంటే వాయవ్య యుకాటాన్‌లోని పూక్ శైలివి. బందీలను నడిపించే కమాను దారిలోని కుడ్యచిత్రాలు ఇంకా విచిత్రం. కొంత కోడెక్స్‌లనే మాయా మడత పుస్తకాల నుంచి, కొంత క్రీ.శ. 790 ప్రాంతపు బొనాంపాక్ గుడి గదుల నుంచి, కొంత క్రీ.పూ. 100 నాటి సాన్ బార్తొలో గోడల నుంచి తెచ్చి కలిపారు. కాకతీయుల మీద సినిమా తీస్తూ అమరావతి స్తూపాన్ని, చార్మినార్‌ను ఓరుగల్లు కోటలోనే నిలబెట్టినట్టు. ఏ రాయికా రాయి అసలుదే, ఊరే అబద్ధం.

సున్నపు పనివాళ్ల సీన్ విడిగా చెప్పుకోవాలి. ఒళ్లంతా తెల్లటి దుమ్ముతో, దగ్గితే నెత్తురు పడే కూలీలు కొన్ని క్షణాలే కనిపిస్తారు. సినిమా మొత్తంలో ఎక్కువ ఆలోచన పెట్టింది ఇక్కడే. మాయా కట్టడాలకు, నేలలకు సున్నపు పూత ప్రాణం. సున్నపురాయిని కాల్చాలంటే దాదాపు 900 డిగ్రీల వేడి గంటల తరబడి నిలవాలి. అందుకు గుట్టలుగా కట్టెలు పేర్చాలి, పచ్చికట్టె అయితే నెమ్మదిగా, ఎక్కువసేపు మండుతుంది. పూత మందం పెరిగే కొద్దీ అడవి తరుగుతుంది. చెట్లు పోతే కొండవాలు మట్టి కొట్టుకొచ్చి పల్లపు సాగునేలల్ని పూడ్చేస్తుంది. సినిమాకు సలహాదారుగా ఉన్న పురావస్తు శాస్త్రవేత్త రిచర్డ్ హాన్సెన్ గ్వాటెమాలాలోని పాత మాయా నగరం ఎల్ మిరడోర్‌లో ఏళ్ల తరబడి తవ్వకాలు చేసిన మనిషి. అక్కడి పతనానికి ఆయన చెప్పే కారణాల్లో ఇదొకటి. వాదన బలమైనదే. కానీ ఎల్ మిరడోర్ ఖాళీ అయింది క్రీ.శ. 150 ప్రాంతంలో. ఆ కారణాన్ని 1300 ఏళ్లకు పైగా ముందుకు జరిపి స్పానిష్ ఓడల పక్కన పెట్టేశారు.

పల్లెది ఇంకో సమస్య. అక్కడ వేట తప్ప వ్యవసాయం ఊసే ఉండదు. బందీలు నగరాన్ని చూసి వేరే లోకంలోకి వచ్చినట్టు బిత్తరపోతారు. 1500 నాటి యుకాటాన్ రైతుల దేశం. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసేవారు. ఉప్పు, పత్తి, తేనె పడవల్లో దూరప్రాంతాలకు పోయేవి. పట్టణానికి రెండు మూడు రోజుల నడకలో ఉండి దాని సంగతే ఎరుగని పల్లె అక్కడ ఉండే వీల్లేదు. కాలాన్ని వెనక్కి జరిపి టికాల్ లాంటి నగరాలు వెలిగిన క్లాసిక్ యుగం అనుకుందామన్నా గట్టెక్కదు. 2018లో గ్వాటెమాలా అడవుల మీద విమానం నుంచి లేజర్ సర్వే చేస్తే 2,100 చదరపు కిలోమీటర్లలో 60,000కు పైగా కట్టడాల ఆనవాళ్లు బయటపడ్డాయి. కథకు అమాయకులు కావాలి కాబట్టి రైతుల్ని అడవి మనుషుల్ని చేశారు.

బలుల విషయంలో విమర్శకులు కూడా కొంత తొందరపడ్డారు. మాయా వాళ్లు శాంతమూర్తులు, నక్షత్రాలు లెక్కపెట్టుకునేవాళ్లు అన్న పాత బొమ్మ ఎప్పుడో చెదిరిపోయింది. గుండె పెకలించడం ఉంది. బలి ఇచ్చే మనిషికి నీలిరంగు పూయడం ఉంది, అది సినిమాలో సరిగ్గానే చూపించారు. యుకాటాన్‌లోని మాయా నగరం చిచెన్ ఇత్సాలో ఒక భూగర్భ తొట్టిలో దొరికిన పిల్లల ఎముకల్లో 64 మందివి డీఎన్‌ఏ పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. అందరూ మగపిల్లలే, వాళ్లలో రెండు జతల కవలలు. కాబట్టి ‘మాయా వాళ్లు ఇలాంటివి చేయలేదు’ అనే వాదన నిలవదు.

తేడా ఎవరిని, ఎంతమందిని అన్న దగ్గర వస్తుంది. బొనాంపాక్ రెండో గదిలో బందీల చిత్రం దగ్గరగా చూడండి. మెట్ల మీద గోచీలతో కూలబడ్డ మనుషులు, వేళ్ల చివర్ల నుంచి కారుతున్న నెత్తురు, పైమెట్టు మీద జాగ్వార్ తోలు తొడుక్కున్న రాజు. యుద్ధంలో చిక్కిన ఉన్నత వంశీయుల్ని అవమానించడం అక్కడ రాజకీయం. పేరున్న శత్రువు కావాలి, ఎవడో అడవిలో దొరికినవాడు కాదు. సినిమాలో చూపించినట్టు ఊళ్లకు ఊళ్లు తోలుకొచ్చి, వరసలో నిలబెట్టి గుండెలు తీయడం మాయా కన్నా మధ్య మెక్సికోలోని అజ్టెక్‌ల రాజధాని టెనోచ్టిట్లాన్‌కు దగ్గర. హీరో పరుగెడుతూ పడే ఆ శవాల గుంట అయితే మరీ దారుణం. వందలాది మొండేలు కుళ్లుతున్న అలాంటి గుంట ఏ మాయా నగరం పక్కనా దొరకలేదు. దృశ్యం చూడగానే మనసులో మెదిలేది 20వ శతాబ్దపు మారణహోమాల ఫొటోలు. దర్శకుడికి కావలసిందీ అదే.

గ్రహణం సీన్‌ను మాత్రం క్షమించేయొచ్చు. మంచి ఇంటర్వెల్ బ్యాంగ్ అది. సంపూర్ణ గ్రహణంలో సూర్యుడు మెల్లగా మూసుకోవడానికే గంటకు పైగా పడుతుంది. సినిమాలో క్షణాల్లో అయిపోతుంది. సూర్యగ్రహణం అమావాస్య నాడే వస్తుంది కదా, అదే రాత్రి అడవి మీద నిండు చంద్రుడు! పంచాంగం చూసే ఇంట్లో ఎవరైనా పట్టేసే తప్పు. అయితే పూజారి మొహంలో కంగారు లేకపోవడం, రాజుతో చూపులు కలపడం గమనించారా? అది తెలిసి రాసిందే. డ్రెస్డెన్ కోడెక్స్ అనే మాయా పుస్తకంలో 405 చాంద్రమాసాలకు, అంటే 11,960 రోజులకు గ్రహణాలు వచ్చే అవకాశమున్న రోజుల పట్టిక ఉంది. జనం భయపడ్డా పూజారులకు లెక్క తెలుసు.

జలపాతం, కప్ప విషం కూడా ఈ ఖాతాలోనివే. ఉత్తర యుకాటాన్ అంతా సున్నపురాయి పలక. వాన నీరు లోపలికి ఇంకి సెనోటే బావుల్లో తేలుతుంది, నేల మీద నదులే ఉండవు. షూటింగ్ వెరాక్రూజ్ రాష్ట్రంలో చేశారు కాబట్టి జలపాతం వచ్చింది. కప్ప చర్మపు విషం బాణాలకు పూసే అలవాటు కొలంబియా అడవులది. మాయా వాళ్లు ఊదుగొట్టాలతో మట్టి ఉండలు కొట్టి పిట్టల్ని పడగొట్టేవారు. ఇవేవీ ఒక జాతి మీద తీర్పు చెప్పవు కనుక పట్టించుకోనక్కర్లేదు.

పట్టించుకోవలసింది టైటిల్‌కు ముందు వచ్చే వాక్యాన్ని. గొప్ప నాగరికత లోపల తనను తాను నాశనం చేసుకున్నాకే బయటివాడు దాన్ని జయించగలడు అన్న చరిత్రకారుడు విల్ డ్యురాంట్ మాట అది. ఆయన అన్నది రోము గురించి. దీన్ని మొదట్లో పెట్టి, మధ్యలో శవాల గుంట చూపించి, చివర్లో శిలువతో పడవ దింపితే ప్రేక్షకుడు ఏ లెక్క కడతాడో చెప్పనక్కర్లేదు. మయామీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పురావస్తు శాస్త్రవేత్త ట్రేసీ ఆర్డ్రెన్ విడుదల సమయంలోనే దీన్ని గట్టిగా ఎత్తిచూపారు. ‘లోపలే కుళ్లిపోయిన’ ఆ జనాన్ని లొంగదీయడానికి స్పెయిన్‌కు ఎంతకాలం పట్టిందో సినిమా చెప్పదు. యుకాటాన్‌లో స్పెయిన్‌వాళ్లు మెరిదా నగరం స్థాపించింది 1542లో. మాయా వాళ్లలోనే ఒక వర్గమైన ఇత్సాల రాజధాని నోహ్పెతెన్ పడింది 1697లో. మాయా భాషలు మాట్లాడేవాళ్లు ఇవాళ్టికీ లక్షల్లో ఉన్నారు. చరిత్ర వరకు నూటికి ముప్పై. ఆ ముప్పై కూడా మేకప్, నగలు, పళ్లకు పొదిగిన జేడ్ రాళ్లు చూసి.

దీనితో పోల్చడానికి ఇంకో రెండున్నాయి. 1963 నాటి ‘కింగ్స్ ఆఫ్ ద సన్’లో మాయా జనం ఓడలెక్కి ఉత్తరానికి వలసపోయి అక్కడి తెగలతో కలుస్తారు. అలాంటి వలసకు ఆధారం లేదు. యూల్ బ్రిన్నర్ కోసం తప్ప వదిలేయొచ్చు. 2022 ‘బ్లాక్ పాంథర్: వకాండా ఫరెవర్’ పూర్తిగా కల్పన. కానీ 1571 నాటి యుకాటాన్‌లో మశూచి, స్పానిష్ దౌర్జన్యం ఉన్న ఆ కొద్ది నిమిషాల్లో నేరం ఎవరిదో తారుమారు చేయలేదు. సూపర్‌హీరో సినిమా ఈ ఒక్క విషయంలో గిబ్సన్ కన్నా నిజాయతీగా ఉంది.

చూడదలచుకుంటే: నిడివి రెండుంబావు గంటల పైన, అమెరికాలో ఆర్ రేటింగ్. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకునే సినిమా కాదు. డైలాగులన్నీ యుకాటెక్ మాయా భాషలోనే ఉంటాయి, 1500 నాటి యుకాటాన్‌కు సరిపోయే ఎంపిక అది. నటుల్లో చాలామంది నేర్చుకుని పలికినవాళ్లే అయినా ఆ ధ్వని కథకు బలం. డబ్బింగ్ దొరికినా పక్కన పెట్టి, సబ్‌టైటిల్స్‌తో ఒరిజినల్ ఆడియోనే పెట్టుకోండి. నగరం సీన్లు మొదలయ్యేలోపు ఫోన్‌లో బొనాంపాక్ రెండో గది చిత్రం తెరిచి పెట్టుకుంటే, కమాను దారి వచ్చినప్పుడు ఏది ఎక్కడి నుంచి తెచ్చారో మీకే తెలిసిపోతుంది.