స్కూటర్ మీద పీఎం 2.5 మీటర్: విశాఖలో వాడి చూశాక

నేను మందుల కంపెనీ రెప్‌ని. పొద్దున గాజువాక, మధ్యాహ్నం కేజీహెచ్ చుట్టుపక్కల, సాయంత్రం ఎంవీపీ కాలనీ, వీలు చూసుకుని మధురవాడ. ఇన్‌హేలర్లు అమ్ముకునేవాడికి గాలి సంగతి కొత్తేమీ కాదు గానీ, చలికాలం రాగానే మా పెద్దాడికి పిల్లికూతలు మొదలవుతుంటే అసలు ఈ దుమ్మూ పొగా ఎక్కడినుంచి వస్తున్నాయో చూద్దామనిపించింది. ఆన్‌లైన్‌లో మూడు వేల పైచిలుకు పెట్టి, పీఎం 2.5ని, అంటే గాలిలో 2.5 మైక్రాన్లకు మించని సన్న కణాలను, కొలిచే అరచేతిలో పట్టే మీటర్ కొన్నాను. ఇదే సరుకును నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, కాబట్టి ఈ పేరు చెప్పినా ఆ పేరు చెప్పినా ఒకటే.

లోపల చిన్న ఫ్యాన్ గాలిని లాగుతుంది, ఆ గాలి మీద లేజర్ పడుతుంది, కణాలకు తగిలి చెదిరిన వెలుగును బట్టి లెక్క కడుతుంది. బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిపితే మనం తిరిగిన దారంతా మ్యాప్ మీద రంగు చుక్కలుగా పడుతుంది. నేను కొన్నది ఆ చుక్కల కోసమే.

పొగ విషయంలో మాత్రం మీటర్‌కు వంక పెట్టలేం. మా వీధి మొదట్లో రోజూ సాయంత్రం ఎర్ర చుక్కే పడుతుంటే మొదట మెయిన్ రోడ్డు లారీలనుకున్నాను. ఒకరోజు స్కూటర్ పక్కన పెట్టి మీటర్ పట్టుకుని నడిచాను. రోడ్డు అంచున 70 (క్యూబిక్ మీటర్ గాలిలో మైక్రోగ్రాములు) దగ్గర ఉంది. సందులోకి నాలుగడుగులు వేస్తే 150. టిఫిన్ హోటల్ వెనక గోడ దాటగానే 300 దాటింది. అక్కడ కట్టెల పొయ్యి మీద పెద్ద డేగిసా, పక్కన తడి కట్టెల మోపు. గాలి సముద్రం వైపునుంచి వీస్తోంది. పొయ్యికి అవతలి పక్కకెళ్లి నిలబడితే మళ్లీ 60కి దిగింది. గాలికి ఎదురు పక్క ఒకసారి, వాలు పక్క ఒకసారి చూస్తే పొగ ఎక్కడిదో పట్టేయొచ్చని అప్పుడు అర్థమైంది. హోటలాయన నన్ను ఎగాదిగా చూసి, ‘ఏటి బాబూ, కరెంటోళ్లా?’ అన్నాడు. కాదని చెప్పి ఒక ప్లేటు ఇడ్లీ తిని వచ్చాను. ఇడ్లీ బాగుంది, అది వేరే సంగతి.

అలా తిరగ్గా తిరగ్గా మ్యాప్ మీద ఊరు వేరేలా కనబడింది. ఎర్ర చుక్కలన్నీ చిమ్నీల కింద ఉంటాయనుకుంటాం కదా, నా మ్యాప్‌లో చాలావరకు అలా లేవు. ఊడ్చిన ఆకుల్ని కుప్ప చేసి అంటించిన చోట, కరెంటు పోయాక నర్సింగ్ హోమ్ వెనక మోగే జనరేటర్ దగ్గర, ఇంజిన్ ఆపకుండా లారీలు వరుస కట్టే పోర్టు రోడ్లలో, బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తులు కాల్చే బొగ్గుల పక్కన పడ్డాయి. మా ఇంట్లో కూడా పడ్డాయి! దోమల చుట్ట వెలిగించిన రాత్రి బెడ్‌రూమ్‌లో కనబడిన అంకె గాజువాక జంక్షన్‌లో ఆఫీసులు వదిలే వేళ కూడా నాకు కనబడలేదు. దోమల చుట్ట ఆ రోజే మానేశాం. డబ్బులు గిట్టాయనిపించింది అక్కడే.

చలికాలం పొద్దున్నే కంచరపాలెం, ఎన్ఏడీ వైపు అంకెలు బాగా లేస్తాయి, పదకొండు దాటాక దిగుతాయి. ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో పోర్టూ ఫ్యాక్టరీలూ జనమూ. రిపోర్టుల్లో దీన్నే బౌల్ ఏరియా (గిన్నెలాంటి చోటు) అంటారు. రాత్రి గాలి కదలకపోతే పొగ అందులోనే ఉండిపోతుంది, ఎండెక్కి సముద్రపు గాలి లేచాకే కదులుతుంది.

ఇక పోర్టు దుమ్ము దగ్గర ఈ మీటర్ చేతులెత్తేసింది. మా అత్తగారిల్లు జ్ఞానాపురంలో. మేడ మీద ఆరేసిన బట్టలు దులిపి గానీ లోపలికి తీసుకురారు. అక్కడ మీటర్ పెడితే పచ్చ రంగు. మా అత్తగారు పిట్టగోడ మీద చెయ్యి రాసి నా ముందుకు చాపారు. ‘అల్లుడుగారూ, మీ మిషను పచ్చగా చూపిస్తుంది గానీ, నా చెయ్యేటి ఇలా నల్లగుంది?’ అన్నారు. వేళ్ల గీతల్లోకి కూడా ఎక్కింది ఆ నలుపు. తప్పు ఆవిడది కాదు. బొగ్గు, ఇనుప ఖనిజం దించేటప్పుడూ ఎక్కించేటప్పుడూ లేచేది చాలావరకు ముతక ధూళి. ఆ చిన్న ఫ్యాన్ బరువైన కణాలను సరిగా లోపలికి లాగలేదు. తెర మీద పీఎం 10 (10 మైక్రాన్ల వరకు ఉండే కణాలు) అని ఒక అంకె కనిపిస్తుంది గానీ, అది ఎక్కువగా సన్న కణాలను చూసి వేసిన అంచనాయే. పోర్టు చుట్టుపక్కల ఉండేవాళ్లు తమ గోడు రుజువు చేద్దామని దీన్ని కొంటే, ఇదే వాళ్లకు ఎదురు సాక్ష్యం చెబుతుంది. అంతకంటే మేడ మీద రాత్రంతా ఒక తెల్ల పింగాణీ ప్లేటు పెట్టి పొద్దున్నే ఫొటో తియ్యడం నయం.

వాయువులూ అంతే. మల్కాపురం, శ్రీహరిపురం వైపు వెళ్తే ముక్కుకు తెలిసే ఘాటు దీనికి తెలియదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో లీకైన స్టైరీన్ లాంటి ఆవిరిని గుర్తుపట్టాలంటే వేరే సెన్సర్ కావాలి. ‘టీవీఓసీ’ (గాలిలోకి ఆవిరయ్యే రసాయనాల మొత్తం) అని ఇంకో అంకె కూడా చూపిస్తుంది. అది శానిటైజర్‌కూ లేస్తుంది, సెంటుకూ లేస్తుంది. దాన్ని నేను చూడ్డం మానేశాను.

మన ఊళ్లో ఇంకో చిక్కు తేమ. తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో నడిచేవాళ్లు ఇది చూస్తే భయపడిపోతారు. తేమ 80 శాతం దాటితే కణాలు నీరు పీల్చి ఉబ్బుతాయి, మీటర్ ఆ ఉబ్బును కూడా కాలుష్యం కింద కట్టేస్తుంది. ప్రభుత్వ స్టేషన్లలోని యంత్రాలు గాలిని కాస్త వేడి చేసి, తడి వదిలించి కొలుస్తాయి. దీనికి ఆ ఏర్పాటు లేదు. అందుకే ఏ అంకెనూ ఒంటరిగా నమ్మకండి. ఒకే పూట ఈ చోటుకూ ఆ చోటుకూ తేడా చూసుకోవడానికి మాత్రమే పనికొస్తుంది.

రంగులది మరో గొడవ. ఇది అమెరికా పట్టిక ప్రకారం రంగులేస్తుంది. క్యూబిక్ మీటర్‌కు 60 మైక్రోగ్రాముల పీఎం 2.5 ఉంటే ఇందులో ఎరుపు. మన జాతీయ గాలి నాణ్యత సూచీలో అదే 60 ‘సంతృప్తికరం’, లేతాకుపచ్చ. పైగా మన సూచీ 24 గంటల సగటు మీద కడతారు, ఇది ఆ క్షణంలో ఉన్నది చూపిస్తుంది. జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) స్టేషన్ లెక్కను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో చూసి దీంతో పోలిస్తే ఎవరో అబద్ధమాడుతున్నారనిపిస్తుంది. ఎవరూ ఆడటం లేదు. అయినా సెట్టింగుల్లో దేశం మార్చుకునే వీలు ఇవ్వడానికి కంపెనీకి ఏం పోయిందో తెలియదు.

ఈ మీటర్ ఎంత ఉందో చెబుతుంది, ఏమిటో చెప్పదు. ధూళి ఎక్కడిదో తేల్చే అసలైన సోర్స్ స్టడీ చేసేవాళ్లు ఫిల్టర్ మీద ధూళి పట్టి ల్యాబ్‌లో చూస్తారు. సిలికాన్, అల్యూమినియం ఎక్కువుంటే మట్టి, రోడ్డు దుమ్ము. పొటాషియం ఉంటే కట్టెలు, ఆకులు కాలాయని అనుమానం. వెనేడియం, నికెల్ కనబడితే ఓడల్లో వాడే బరువైన ఆయిల్ లాంటిది. ఆ పని మూడు వేల రూపాయల పెట్టె చెయ్యాలనుకోవడం అత్యాశ.

నాకు మండిందల్లా యాప్ దగ్గర. ఒక అప్‌డేట్ రాగానే అంతకుముందు పడ్డ చుక్కలన్నీ మాయం. కస్టమర్ కేర్‌కు రాస్తే ‘యాప్ తీసేసి మళ్లీ వేసుకోండి సార్’ అన్నారు. వేసుకున్నాను, ఉన్న కాస్తా పోయింది. మీరు కొంటే డేటాను ఫైల్‌గా దించుకునే వీలుందో లేదో ముందే చూసుకోండి, వారానికోసారి దించి పెట్టుకోండి. స్కూటర్ హ్యాండిల్‌కు మాత్రం కట్టకండి, ముందున్న ఆటో పొగ తప్ప ఇంకేమీ రాదు. నేను ఆగిన చోట మాత్రమే ఆన్ చేసి, అంకె నిలకడగా నిలిచాక రాసుకుంటున్నాను.

ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే, వీధిలో చెత్త ఎక్కడ కాలుతోందో పట్టాలంటే కొనొచ్చు. ఐదుకు మూడు స్టార్లు. పోర్టు గోడ పక్కన ఉండేవాళ్లు మాత్రం కొనకండి.