టెలిగ్రామ్ బయటి యాప్‌లలో ప్రకటనలు: ఛానెల్ నడిపేవారి వైపు నుంచి ఒక సమీక్ష

హనుమకొండ నయీంనగర్ చుట్టుపక్కల గదులు అద్దెకు తీసుకుని గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే అభ్యర్థుల్లో టెలిగ్రామ్ లేని ఫోను అరుదు. కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు, పాత ప్రశ్నపత్రాలు, ప్రిలిమినరీ కీలు ఛానెళ్లలోనే దొరుకుతాయి. అటువంటి ఛానెల్ ఒకటి నేనూ నడుపుతున్నాను. టెలిగ్రామ్ తన యాప్‌ల సోర్సు కోడును బహిరంగంగా ఉంచడం వల్ల ఇతరులు తయారు చేసిన బయటి యాప్‌లు కూడా ప్లేస్టోర్‌లో ఉన్నాయి. మా అభ్యర్థుల్లో కొందరు వాటిలోనే చదువుతారు. అక్కడ ప్రకటనల ఏర్పాటు ఎలా ఉందో ఈ సమీక్షలో పరిశీలిస్తున్నాను.

ముందుగా మంచి చెప్పాలి. ఛానెళ్లను చూపే ప్రతి బయటి యాప్ టెలిగ్రామ్ అధికారిక ప్రకటనలను కూడా చూపాలనీ, వాటికి అడ్డుపడకూడదనీ ఆ సంస్థ ఏపీఐ (బయటి యాప్‌లు టెలిగ్రామ్ సర్వరుతో మాట్లాడే మార్గం) నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఛానెల్ తెరవగానే యాప్ సర్వరును అడిగి ప్రకటనను తెచ్చుకోవాలి. దాని పాఠం 160 అక్షరాలు మించదు. ఆ పాఠం మొత్తం తెరమీద కనిపించిన తరువాతే చదువరి దాన్ని చూసినట్టు సర్వరుకు తెలియజేయాలి. నిబంధన ఉల్లంఘించిన యాప్‌కు ముందు నోటీసు ఇస్తారు, 10 రోజుల్లో సరిదిద్దుకోకపోతే ఏపీఐ వాడకాన్ని నిలిపివేస్తారు. వెయ్యిమందికి పైగా చందాదారులున్న బహిరంగ ఛానెళ్ల యజమానులకు 2024 నుంచి ప్రకటన ఆదాయంలో సగం ఇస్తున్నారు కనుక, బయటి యాప్ ప్రకటనను దాచిపెడితే నష్టపోయేది కంపెనీ ఒక్కటే కాదు, రాత్రంతా కూర్చుని నోట్సు తయారు చేసిన ఉపాధ్యాయుడు కూడా.

ఇతర వేదికలు ఈ చిక్కును మరో విధంగా తెంచుకున్నాయి. ట్విట్టర్ 2023 జనవరిలో బయటి యాప్‌లను పూర్తిగా మూసివేసింది. రెడిట్ అదే సంవత్సరం ప్రతి 1000 ఏపీఐ కాల్స్‌కు (యాప్ సర్వరుకు పంపే అభ్యర్థనలకు) 0.24 డాలర్ల ధర పెట్టగా, ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్లు కట్టవలసి వస్తుందని లెక్కవేసుకున్న అపోలో అనే రెడిట్ బయటి యాప్ జూన్ 30న ఆగిపోయింది. ప్రకటనలను ఏపీఐతో పాటే పంపించి, చూపడం తప్పనిసరి చేసి ఉంటే ఎందరో ఇష్టపడి వాడుకున్న ఆ యాప్ బతికేదని నా గట్టి నమ్మకం. ఆ లెక్కన టెలిగ్రామ్ ఎంచుకున్న దారే సరైనది.

లోపం ఆచరణలో ఉంది. మా అభ్యర్థులు వాడుతున్న ఒక బయటి యాప్‌ను స్వయంగా పరిశీలించాను. ఛానెల్ చివరి పోస్టు కింద రావలసిన అధికారిక ప్రకటన అందులో ఎక్కడా కనబడలేదు; దాని చోట యాప్ వారి సొంత బ్యానరు ఉంది. పీడీఎఫ్ పోస్టుకు ఆనుకునే పచ్చరంగులో 'డౌన్‌లోడ్' అనే బటన్ ఉంది. అది పీడీఎఫ్‌ది కాదు, నొక్కితే అప్పులిచ్చే యాప్ పేజీ తెరుచుకుంటుంది. రేపటి పరీక్షకు నోట్సు కోసం తొందరలో ఉన్న అభ్యర్థి ఈ తేడా గమనించగలడా? ఆ బ్యానరును మా ఛానెలే పెట్టిందనుకుని నన్ను అడిగిన అభ్యర్థులు ఉన్నారు. అది నాకు ఆదాయం పోవడం కంటే ఎక్కువ బాధ కలిగించింది.

యాప్ తయారుచేసేవారు సొంత ప్రకటనలతో సంపాదించుకోవడాన్ని నిబంధనలు అనుమతిస్తాయి, కాకపోతే ఆ సంగతి యాప్ స్టోరు వివరణలో స్పష్టంగా రాయాలి. అది సబబే. కానీ అధికారిక ప్రకటన ఆదాయంలో వారికి వాటా ఇస్తామన్న మాట ఆ నిబంధనల్లో లేదు. ఒళ్లువంచి కోడు రాసి, సంస్థ ప్రకటనను ఉచితంగా మోయాలంటే ఎవరికైనా దాన్ని పక్కకు నెట్టి తమది పెట్టుకోవాలనే అనిపిస్తుంది. తన యాప్ ద్వారా నమోదైన వీక్షణల మేరకు కొంత వాటా తయారీదారుకు దక్కితే దాచిపెట్టడంలో లాభం ఉండదు, నోటీసుల అవసరమూ తగ్గుతుంది. దానితో పాటు, యాప్ సొంత ప్రకటనలు పోస్టుల నడుమ కాక వేరే చోట, ఎవరివో తెలిసేలా ఉండాలన్న నిబంధన కూడా చేర్చాలి.

అంతవరకు పరీక్షలకు చదువుకునేవారు టెలిగ్రామ్ సొంత యాప్‌నే వాడాలని నా సలహా. బయటి యాప్ సౌకర్యాలు నచ్చి అదే కావాలనుకునేవారు స్టోరులోని వివరణలో ప్రకటనల ప్రస్తావన ఉందో లేదో చూసి, ఏదైనా పెద్ద ఛానెల్ చివరి దాకా వెళ్లి, ప్రకటన అని తెలిపే గుర్తుతో అధికారిక ప్రకటన వస్తున్నదో లేదో గమనించి, ఆ తరువాతే దాన్ని ఫోనులో ఉంచుకోవాలి.