ద్రాక్షతోటా, వైన్‌యార్డా?

అనువాదంలో పదేపదే ఎదురయ్యే చిక్కిది.

పలకడం: ద్రాక్షతోట దగ్గర తడబాటు లేదు. రెండోదాన్ని ఇంగ్లీషువాళ్లు ‘విన్‌యార్డ్’ అంటారు, మనం వైన్‌యార్డ్ అని రాస్తాం.

అర్థం: మేడ్చల్, శామీర్‌పేట వైపు పందిళ్ల మీద అనాబ్-ఎ-షాహీ, థాంప్సన్ సీడ్‌లెస్ తీగలు పాకించిన నేల ద్రాక్షతోటే. దాన్ని వైన్‌యార్డ్ అంటే రైతే నవ్వుతాడు. ఆ మాట వినగానే నాసిక్, వైన్ తయారీ, రుచి చూసే గది గుర్తొస్తాయి.

ఇబ్బంది: మన దగ్గర ‘వైన్స్’ అంటే మందు దుకాణం, ఆ నీడ వైన్‌యార్డ్ మీదా పడుతుంది. ద్రాక్షతోటకు బైబిలు వాసనంటారు కొందరు. తెలుగు బైబిల్లో ఉన్నది ఆ మాటే మరి, నాకది లోపమనిపించదు.

సాగు వ్యాసానికి, కథకు ద్రాక్షతోట. వైన్ పర్యటన కరపత్రానికి వైన్‌యార్డ్ సరే. ద్రాక్షావనమా? పద్యంలో అయితే రాసుకోండి.